పై దవడ పురోకర్షణము
బాల్యమున పై దవడ చాలినంతగా వృద్ధిచెందక క్రింది పలువరుస ముందునకు వచ్చినపుడు, నుదుటను, గడ్డమును ఆధారముగాఁ గొను ఫేస్‌మాస్కునకు రబ్బరు పట్టీలు తగిలించి ఆ యెముకను ముందునకు లాగు చికిత్స యిది. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుఁడు జాఁ దెలేర్ దీనికి ప్రచారము కల్పించెను. ప్రక్క కొక్కింటికి సుమారు 300 నుండి 500 గ్రాముల బలము దినమునకు 12 గంటలకుఁ దక్కువ గాక ప్రయోగింపఁగా, పై దవడను పొరుగు కపాలాస్థులతోఁ గలుపు సంధిరేఖలు సాగి, అందు నూతనాస్థి యేర్పడును.

ఇందలి మర్మమంతయు బలము యొక్క దిశయందున్నది. దవడ ప్రతిరోధకేంద్రము (బలము దానిగుండా పోయినచో దవడ తిరుగక కదలు బిందువు) దంతములకంటె పైన నుండుటచే, పలువరుసకు సమాంతరముగా లాగినచో అంగిలి ముందుభాగము పైకి లేచి, పై, క్రింది ముందుపండ్ల నడుమ ఎడ మేర్పడును. కావున కోరపండ్ల యొద్దనుండి 30 డిగ్రీల మేర క్రిందికి వాల్చి లాగుదురు. అట్లైనను ఈ భ్రమణము తగ్గునేగాని పూర్తిగా మాయదు. గడ్డముపైఁ బడు ప్రతిచర్య క్రింది దవడను వెనుకకును క్రిందికిని త్రిప్పును గనుక, పొడవు ముఖముగల పిల్లల విషయమున మిక్కిలి జాగరూకత వలయును. వయస్సుతో సంధిరేఖలు బిగియును. కావున 10 ఏండ్లు నిండకమునుపే బిడ్డను దంతవైద్యునకుఁ జూపవలెను.