గాజుతొట్టిలో రాతి పగడములు

పగడమనగానే మనకు నవరత్నములలో నొకటియైన ఎఱ్ఱని పూస జ్ఞప్తికి వచ్చును. కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనములో, సుంకము చెల్లింపవలసిన సరకుల నడుమ పగడములును పేర్కొనబడినవి. అయితే నేటి ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ పూస కథ కాదు. ఆభరణముల పగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చునది. ఉష్ణమండల సముద్రములలో దిబ్బలు దిబ్బలుగా పెరిగి, దీవులకు ప్రాకారములై నిలుచు రాతి పగడములు వేఱొక వంశమునకు చెందినవి. వీనిని ప్రాణముతో తెచ్చి గాజుతొట్టిలో పెంచుకొను వేడుక అమెరికా, యూరపు, జపాను మున్నగు దేశములలో నేడు బాగుగా వ్యాపించియున్నది. అచ్చట దుకాణమునకు పోయినవారు ఏ పగడమును ఎంచుకొనవలెను? ఏమడిగి కొనవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ వేడుకయొక్క చరిత్రలోనే యున్నది.

మొదట తెలియవలసిన సంగతి, పగడము ప్రాణి యనునది. చెట్టువలె కొమ్మలు వేయును గనుకను, పూలవంటివి విచ్చుకొనును గనుకను, పూర్వులు దానిని సముద్రపు మొక్కగా భావించిరి. ఫ్రాన్సు దేశమునందలి మార్సేల్సు నగరవాసియైన పేసొనెల్ అను వైద్యుడు పగడములను సముద్రజలములో నుంచి పరిశీలించి, ఆ ‘పూలు’ చిన్న చిన్న జీవులేయని కనుగొనెను. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడైన రేమూరు 1727లో ఈ సంగతిని పారిసు విజ్ఞాన పరిషత్తునకు నివేదించుచు, వైద్యుడు నవ్వులపాలు కాకుండుటకై అతని పేరును దాచిపెట్టెను. పదునైదేండ్లు గడచిన పిదప, 1742లో, తన పొరపాటును ఆ రేమూరే అంగీకరించెను. రాతి పగడములోని జీవికి మెత్తని దేహము, నోటిచుట్టు స్పర్శకములు ఉండును. అది నీటిలోని సున్నమును గ్రహించి తన యడుగున రాతిగిన్నెను కట్టుకొనును. పైనున్న పలుచని చర్మమే దాని ప్రాణము. క్రిందనున్న రాయి దాని యిల్లు.

ఇట్టి జీవిని ఇంట బ్రదికించిన తొలివారిలో అన్నా థిన్ అను ఆంగ్లమహిళ మిక్కిలి పేర్కొనదగినది. ఆమె భర్త లండనునందలి వెస్టుమినిస్టరు ఆబీలో మతాధికారి. 1846లో ఆమె టార్కీ సముద్రతీరమునకు పోయి, అచ్చటి చల్లని నీటిలో పెరుగు చిన్న రాతి పగడములను చూచి ముగ్ధురాలయ్యెను. ప్రయాణములో అవి ఒఱసికొని చెడకుండ, సూదిదారముతో వానిని స్పంజికి కుట్టి, జాడీలో పెట్టి లండనునకు తెచ్చెను. తొలుత రెండుదినముల కొకసారి సముద్రమునుండి నీరు తెప్పించెను. అది సాగకపోగా, ఉన్న నీటినే తెఱచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి, మనము కాఫీ తిరుగబోసినట్లు, అరగంటయు ముప్పావుగంటయు పోయించుచుండెను. ఆ నీటికి గాలి కలిపిన యంత్రము ఆ యింటి పనికత్తె చేతులే. 1847లో రాళ్ళకంటిన సముద్రపు నాచును కూడ తెప్పించి చేర్చెను. నాచు విడుచు ప్రాణవాయువు తోడుకాగా ఆ పగడములు దాదాపు మూడేండ్లు బ్రదికి, పిల్లలను కూడ పెట్టినవి.

1853లో లండను జంతుప్రదర్శనశాలయందు జలచరములకు ప్రత్యేక మందిరము తెఱవబడెను. మరుసటియేట ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన ‘ది అక్వేరియం’ వెలువడెను. అంతట ఇంటింట గాజుతొట్టి నుంచుట యొక మోజైపోయెను. బుట్టలును ఉలులును చేతబట్టి జనము తీరములపై విరుచుకొనిపడిరి. గాసుగారి కుమారుడు ఎడ్మండు 1907లో ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’ అను స్మృతిగ్రంథములో, తన బాల్యమున శోభిల్లిన రాతిగుంటలు ఈ సేకరణచే పాడైపోయినవని, అందులకు తన తండ్రి గ్రంథములే దారిచూపినవని వగచెను. ఈ వేడుకలోని చిక్కు ఆనాడే బయటపడినది.

ఉష్ణమండలపు పగడముల సంగతి మఱింత కఠినము. టార్కీ పగడము ఆహారము దొరకిన బ్రదుకును. దిబ్బలు కట్టు పగడమునకు వెలుతురు కూడ కావలెను. దాని దేహములో కంటికి కానరాని నాచుకణములు వసించును. అవి ఎండవేళ ఆహారమును తయారుచేసి అందు చాల భాగమును పగడమున కిచ్చును. పగడము వానికి నీడనిచ్చును. 1944లో కవగుటి అను జపాను శాస్త్రజ్ఞుడు ఈ కణములను వేఱుచేసి పెంచి, అవి ఏ తెగకు చెందినవో తేల్చెను. వెలుతురు చాలని తొట్టిలో ఇట్టి పగడము క్రమముగా కృశించి చచ్చును. 1956లో న్యూ కాలిడోనియా దీవిలోని నుమేయా నగరమున రెనే కతాలా నెలకొల్పిన అక్వేరియంలో, ప్రక్కసముద్రపు నీరే తొట్లలో పాఱుచుండుటచే పగడములు చక్కగా బ్రదికినవి. జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికా పత్రికయందు తన పద్ధతిని వివరించెను. జీవులతో నిండిన దిబ్బరాళ్ళు, సముద్రజలము, ఎండ, గాలిబుడగలు: అతని సామగ్రి యింతే.

సముద్రమునకును ఎండకును దూరమైన యూరపు నగరములవారు మఱియొక త్రోవ వెదుకుకొనిరి. 1970 దశాబ్దమున పీటర్ విల్కెన్స్ తొట్టిలో సున్నపుతేట పోయు పద్ధతిని ప్రచారము చేసెను. తాంబూలపు సున్నము నెఱిగిన మనకు ఈ తేట క్రొత్తది కాదు. పగడము రాయి కట్టుకొనుచుండ నీటిలో సున్నము తరిగిపోవును. ఆ లోటును తేట పూరించును. దీనికి ప్రకాశవంతమైన దీపములును, మలినమును నురుగుగా తీసివేయు గొట్టములును తోడయ్యెను. 1980 దశాబ్దమున బెర్లిను నగరమున డీట్రిచ్ స్టూబర్ తన తొట్టిలో కొమ్మపగడమును పెంచి, దాని ముక్కలను తోటి అభిలాషులకు పంచిపెట్టెను. మునగకొమ్మను విఱిచి నాటిన చిగిర్చునట్లే, పగడపు ముక్కయు రాతికంటుకొని పెరుగును. సముద్రమునుండి తీయక, ఉన్నదానినుండి పెంచుకొనవచ్చునని దీనితో అభిలాషులకు నమ్మకము కలిగెను. ఈ చరిత్రలో ఇంతకుమించిన మలుపు లేదని మేము తలచెదము.

వ్యాపారమును కట్టడి చేయు శాసనములును ఇంచుమించు ఆ కాలముననే వచ్చినవి. వన్యజీవుల వర్తకమును గూర్చిన అంతర్జాతీయ ఒడంబడికలో 1985నుండి రాతి పగడములు చేర్చబడినవి. నాటినుండి ఎగుమతిచేయు దేశపు అనుమతిపత్రము లేనిదే అవి సరిహద్దు దాటరాదు. 2018లో ఇండోనేషియా ప్రభుత్వము పగడముల ఎగుమతినే నిలిపివేసి, 2020లో పెంపకపు పగడములకు మాత్రము తిరిగి ద్వారము తెఱచెను.

ఇక కొనుగోలు సంగతి. తొట్టి నీరు కొన్ని నెలలు నిలుకడగా నుండిన పిమ్మటనే పగడమును తేవలెను. రాయినంతటిని చర్మము కప్పియున్నదా యని చూడవలెను. అంచులవెంట తెల్లని రాయి బయటపడినను, జిగురు కాఱుచున్నను వదలవలెను. మిక్కిలి పాలిపోయిన రంగు అందమని భ్రమపడరాదు; అది నాచుకణములు విడిచిపోయిన లక్షణము కావచ్చును. తొలిసారి కొనువారికి పెద్ద నోళ్ళుగల పగడములు కొంత ఓర్పుగలవి. సన్నని కొమ్మల జాతులకు తీవ్రమైన వెలుతురు, మారని నీరు అవసరము. గొనియోపోరా అను పూలగుత్తివంటి పగడమును అందమునకు మురిసి కొని, కొలది మాసములలో పోగొట్టుకొన్నవా రనేకులు. ఒకదాని స్పర్శకములు మఱియొకదానిని కాల్చును గావున ఎడముగా నుంచవలెను. వీనియన్నిటికంటె ముందు అడుగవలసిన దొకటున్నది: ఇది సముద్రమున తీసినదా, పెంచినదా? పెంపకపు ముక్క చిన్నదైనను, పీటను అంటుకొని చుట్టును వ్యాపించియుండును; తొట్టి బ్రదుకునకు అలవాటుపడియుండును.

మన దేశమున ఈ కొనుగోలు ప్రసక్తియే లేదు. గోదావరి, కృష్ణలు తెచ్చు ఒండ్రువలనను, మంచినీటివలనను మన తీరమున పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడలేదు. మన్నారు సింధుశాఖ, కచ్ఛ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారులు వీని నిలయములు. మన్నారులో ఒకప్పుడు సున్నము కొఱకు పగడపు రాళ్ళను త్రవ్విరి. 2001లో భారత ప్రభుత్వము రాతి పగడములన్నిటిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి అనుబంధములో చేర్చెను. కనుక వానిని తీయుటయు, అమ్ముటయు, కొనుటయు నేరమే. యాత్రకు పోయిన చోట తీరమున దొరకిన తెల్లని ముక్కనైనను సంచిలో వేసికొనరాదు. విదేశములలోని మన బంధువుల యిండ్లలో ఇట్టి తొట్టి కనబడినచో, ఆ పగడము ఎచ్చటిదో అడుగుట మన వంతు.

అన్నా థిన్ పగడములు బ్రదికిన లండనులోనే, హార్నిమన్ మ్యూజియంలో, 2013లో ఋతువుల మార్పును, చంద్రకాంతిని కృత్రిమముగా కల్పించి, పగడములు అనుకొన్న వేళకు బీజములు విడుచునట్లు చేసిరి. 1998 మొదలుకొని సముద్రములు వేడెక్కిన యేండ్లలో లోకమునందలి దిబ్బలు పలుమాఱులు తెల్లబోయినవి. తొట్టిలో నేర్చిన ఈ పెంపకము వానిని తిరిగి నాటుటకు ఉపకరించునని శాస్త్రజ్ఞుల ఆశ. ఒకనాడు తీరములను కొల్లగొట్టిన వేడుక, సముద్రమునకు కొంతయైన తిరిగి యిచ్చు విద్యగా మాఱవచ్చును. అది కొనువాని వివేకముమీద కూడ ఆధారపడియున్నది.