నిలబడి చేసే పనుల్లో మడమ నొప్పి

గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలో మడమ అడుగు భాగాన పుట్టే నొప్పి ఇది. మడమ శూల అనీ అంటారు. ప్రధాన కారణం ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా సాగి, పాదపు వంపును నిలిపే దళసరి పట్టీ ఒత్తిడికి పదేపదే గురై దెబ్బతినడమే ఈ జబ్బు.

బట్టల దుకాణాల సేల్స్‌గర్ల్స్, ట్రాఫిక్ పోలీసులు, నర్సులు, హోటల్ వంటవాళ్లలో ఈ బాధ సాధారణం. గట్టి గచ్చు, అరిగిన చెప్పులు, అధిక బరువు, బిగుసుకున్న పిక్కలు ముప్పును పెంచుతాయి. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుకే మడమలో పోటు పొడుస్తుంది. నాలుగడుగులు నడిచాక సర్దుకుని, డ్యూటీ ముగిసే వేళకు తిరగబెడుతుంది. ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లునే కారణమనుకోవడం పరిపాటి. కానీ నొప్పి లేనివారిలోనూ ఆ ముల్లు ఉంటుంది.

పిక్కలను, అరికాళ్లను సాగదీసే వ్యాయామాలు, మెత్తటి పాదరక్షలు, మధ్యమధ్య విశ్రాంతితో చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. శస్త్రచికిత్స అరుదు.

నిలబడి పనిచేసే కార్మికులకు ఆసనాలు ఏర్పాటు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఆదేశించింది. దుకాణాల సిబ్బందికి ఆ వెసులుబాటు చాలా ఆలస్యంగా దక్కింది: కోళికోడ్‌లో మొదలైన మహిళా కార్మికుల ఉద్యమం దరిమిలా కేరళ 2018లో కూర్చునే హక్కు కల్పించగా, తమిళనాడు 2021లో ఇందుకోసం తన దుకాణాల చట్టాన్ని సవరించింది.