ఊపిరికి లెక్క కట్టిన డాక్టరు

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంట్ని. మా పనిలో ఏదన్నా మార్పు చేస్తే, దానివల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా అని లెక్క చూసుకోవాలి. ఊపిరితిత్తుల వైద్యంలో అలాంటి లెక్క ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఈ వారం చెప్పుకుందాం. అందుకు అమెరికాలో, డెన్వర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ థామస్ పెటీ జీవితం మంచి ఉదాహరణ.

1967లో పెటీ, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో 12 మంది రోగుల గురించి రాశారు. ఒకరికి ప్రమాదంలో దెబ్బలు, మరొకరికి వైరస్ జబ్బు. కారణాలు వేరైనా అందరిలోనూ ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి, ఆక్సిజన్ రక్తంలోకి సరిగా చేరడం లేదు. వారిలో ఏడుగురు చనిపోయారు. ఊపిరి వదిలాక కూడా లోపల కాస్త గాలి ఒత్తిడి నిలిపి ఉంచితే మేలని వీళ్ళు గమనించారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనం తరచూ విన్న ఎ.ఆర్.డి.ఎస్. ఇదే.

డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది. అక్కడి గాలి పలచన. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకు మరీ కష్టం. అలాంటివాళ్ళు మోసుకు తిరగగలిగే ఆక్సిజన్ మీద పెటీ 1960లలోనే పనిచేశారు. తర్వాత 203 మందితో ఒక పరీక్ష జరిగింది. కొందరికి రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్, మిగతావారికి వీలైనంతవరకు రోజంతా. 1980లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలో చనిపోయినవారు మొదటి గుంపులో 20.6 శాతం, రెండో గుంపులో 11.9 శాతం. వాయువు అదే, జబ్బు అదే. తేడా అల్లా గంటల్లోనే.

అయితే ఏదైనా ఎక్కువ ఇస్తే మంచిదేనా? కాదు. వెంటిలేటర్‌తో పెద్ద పెద్ద ఊపిర్లు ఇవ్వడం ఒకప్పటి అలవాటు. 2000లో 861 మంది మీద జరిగిన పరీక్షలో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తే 39.8 శాతం మంది, 6 చొప్పున ఇస్తే 31 శాతం మంది చనిపోయారు. ఆ కిలోలు కూడా తూకం వేసినవి కావు, రోగి ఎత్తును బట్టి కట్టినవి. అంటే టేపు పట్టి ఎత్తు కొలిచి రాయడం కూడా ప్రాణం నిలబెట్టే పనే. ప్రతి మంచం దగ్గరా, ప్రతి పూటా ఇది జరిగేలా చూడటాన్నే ఆస్పత్రుల్లో నాణ్యత పెంచడం అంటారు. పేరు పెద్దదే గానీ పని ఇంత సాదాది.

పెటీ ఇంకొక మాట కోసం చివరిదాకా పోరాడారు. బీపీ చూసినట్టే ప్రతి డాక్టరూ స్పైరోమీటర్‌తో ఊపిరి కొలవాలని. ఆ పరికరం 1846 నాటికే లండన్‌లో జాన్ హచిన్సన్ చేతిలో ఉంది. 76 ఏళ్ళ వయసులో, 2009లో పెటీ కన్నుమూశారు. చివరి ఏళ్ళలో ఆయనకే ఆక్సిజన్ అవసరమైంది.

మన అమ్మలు, అమ్మమ్మలు సిగరెట్ ముట్టకపోయినా ఏళ్ళ తరబడి కట్టెలపొయ్యి ఊదినవాళ్ళు. ఆ పొగతోనూ ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మెట్లెక్కితే ఆయాసం అంటే "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టేస్తాం. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు షుగరు, బీపీలతో పాటు ఇదీ అడగండి: "అమ్మా, ఊపిరి పరీక్ష చేయించుకున్నావా?"