కంటిలోని పొరకు పూసిన రంగు: పాతికేళ్ల పాఠం

రెటీనా శస్త్రచికిత్సకై జహీరాబాదు నుండి హైదరాబాదు వెళ్లివచ్చినవారు, చూపు కుదుటపడగానే తదుపరి పరీక్షలు మానివేయడం సహజం. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం, ఒక రోజు కూలి, తోడుగా ఒక మనిషి. అయినా ఎందుకు మానరాదో ఒక రంగు కథ చెబుతుంది.

రెటీనా నడుమనున్న మాక్యులా వల్లనే మనం అక్షరాలు చదువగలుగుతున్నాము. పెద్ద వయసులో కొందరికి అక్కడ చిన్న రంధ్రం పడుతుంది. 1991లో అమెరికా వైద్యులు కెల్లీ, వెండెల్ 52 కళ్లకు శస్త్రచికిత్స చేసి, 58 శాతం కళ్లలో రంధ్రాన్ని మూయగలిగారు. రెటీనా మీది అతి పలుచని పొరను ఒలిచివేస్తే ఫలితం మెరుగవుతుందని తరువాత తేలింది. కానీ పారదర్శకమైన ఆ పొరను కంటితో గుర్తించడమే కష్టం.

2000 ప్రాంతంలో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుతో పొరను పచ్చగా కనిపింపజేశారు. గుండె, కాలేయ పరీక్షలకై దశాబ్దాలుగా రక్తనాళంలోకి ఎక్కిస్తున్న రంగు అది. రక్తంలో క్షేమమైనది కంటిలోనూ క్షేమమేనని భావించారు. కొద్ది సంవత్సరాలకే రంధ్రం మూసుకున్నా చూపు ఆశించినంత రానివారు, పక్కచూపు తగ్గినవారు కొందరు బయటపడ్డారు. రక్తంలోని రంగును కాలేయం తొలగిస్తుంది. కంటిలో ఆ మార్గం లేదు. కొందరి కళ్లలో దాని జాడలు నెలల తరబడి నిలిచాయి. గాఢత, ఉంచిన సమయం, శస్త్రచికిత్స దీపకాంతి కూడా కారణాలుగా అనుమానించబడ్డాయి.

అందరికీ హాని జరగలేదు. ఎందరో చక్కని చూపు పొందారు. వైద్యులు గాఢతను తగ్గించి, రంగును త్వరగా కడిగివేయడం అలవరచుకున్నారు. 2006లో జపాను పరిశోధకులు బ్రిలియంట్ బ్లూ అనే నీలిరంగు ఫలితాలను ప్రకటించారు. అమెరికా ప్రభుత్వం 2019లో దానిని ఆమోదించింది. నేడు ఎక్కువమంది దానివైపే మొగ్గుతున్నారు.

గమనించండి: తొలి రంగులోని లోపం శస్త్రచికిత్స నాడు తెలియలేదు. రోగులు మరలివచ్చి పరీక్ష చేయించుకొనడం వల్లనే తెలిసింది. కనుక ఆసుపత్రి కాగితాలు భద్రపరచండి. వాడిన రంగు పేరు అడిగి వ్రాయించుకొనండి. ఇంట్లో ఒక కన్ను మూసి, రెండవ కంటితో గోడ క్యాలెండరు గడులను చూడండి. గీతలు వంకరైనా, నీడ అడ్డుపడినా, మెరుపులు కనిపించినా వెంటనే వైద్యుని కలవండి. చూపు మెల్లగా మసకబారితే శుక్లం కావచ్చు. ఈ శస్త్రచికిత్స తరువాత అది త్వరగా రావడం సాధారణమే, దానికి చికిత్స ఉన్నది.