పసరు నుంచి మలాము దాకా

పొద్దున నూరిన ఆకు పసరు సాయంత్రానికి రంగు మారుతుంది, మర్నాటికి కంపు కొడుతుంది. ఇంటి వైద్యానికి ఎదురైన మొదటి చిక్కు ఇదే. పాత చిత్తూరు జిల్లాలోని పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్లు ఆకు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగిస్తారు. ఆ మందు పచ్చిది, అప్పటికప్పుడు వాడేది. కానీ చేనులో కాలికి దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆకు కోసం వెతుక్కోవడం కుదరదు. వానాకాలంలో దండిగా దొరికే గుంటగలగరను ఎండాకాలానికి దాచుకోవడం ఎలా? ఆకులోని గుణం నిలవాలి, నీరు మాత్రం పోవాలి. మలాముల చరిత్ర అంతా ఈ ప్రయత్నమే.

జవాబు నూనెలోనూ నేతిలోనూ దొరికింది. ఆయుర్వేద గ్రంథాలు ఈ పనిని స్నేహపాకం అన్నాయి. 13, 14 శతాబ్దాల నాటిదని భావించే శార్ఙ్గధర సంహిత కొలత కూడా చెప్పింది: నూరిన ముద్ద 1 వంతు, నూనె 4 వంతులు, పసరో కషాయమో 16 వంతులు. అన్నీ కలిపి సన్నని సెగ మీద కాస్తూ పోవాలి. పాకం కుదిరిందని తెలిసేదెలా? అడుగున ఉన్న ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా రావాలి. చిటికెడు తీసి నిప్పులో వేస్తే చిటపటమనకూడదు. చప్పుడు వచ్చిందంటే లోపల నీరు మిగిలి ఉన్నట్టే. నూనె అయితే చివర్లో నురగ లేస్తుంది, నెయ్యి అయితే లేచిన నురగ అణిగిపోతుంది. థర్మామీటరు లేని రోజుల్లో కంటికి, చెవికి, వేలికి అందేలా ఇంత కచ్చితమైన పరీక్షలు ఏర్పరచడం మామూలు విషయం కాదు. మన పెరటి వైద్యంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని చెప్పాలి. ఆకుల పేర్లు చాలామందికి తెలుసు, పాకం తెలిసినవాళ్లే తగ్గిపోయారు.

నీటిని వెళ్లగొట్టకుండా, కావాలనే కలిపిన మందులూ లేకపోలేదు. శతధౌత ఘృతం అలాంటిది. రాగిపాత్రలో నేతిని చన్నీళ్లతో మెదుపుతూ, ఆ నీళ్లు వంపేస్తూ, మళ్లీ పోస్తూ నూరుసార్లు కడుగుతారు. పసుపుపచ్చని నెయ్యి పూసపూసగా ఉండడం పోయి, తెల్లగా మెత్తని వెన్నలా తయారవుతుంది. ఒంటి మంటలకు పూత. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు గాలెన్ పేరుతో నిలిచిన కోల్డ్‌క్రీమ్ కూడా ఇలాంటిదే. తేనెమైనం, ఆలివ్ నూనె, పన్నీరు కలిపి చేసేది. రెండింటిలోనూ ఉన్న నీరు ఆవిరవుతుంటే చర్మానికి చల్లదనం తెలుస్తుంది. ఆ నీటివల్లే అవి ఎక్కువకాలం నిల్వ ఉండవు.

నూనెకు గట్టిదనం ఇచ్చింది తేనెమైనం. మైనం 1 వంతు, నువ్వుల నూనె 5 లేక 6 వంతులు కరిగిస్తే సిక్థతైలం. యునానీ హకీములు మర్హం అని పిలిచే మలాముల్లోనూ మైనానిది పెద్దపీటే. పూసినచోట కారిపోకుండా పట్టుకుని ఉండటం మైనం చేసిన మేలు.

19వ శతాబ్దంలో కథ మలుపు తిరిగింది. అమెరికాలో పెన్సిల్వేనియా చమురుబావుల కడ్డీలకు జిడ్డుగా పేరుకునే మడ్డిని కూలీలు దెబ్బలకు పూసుకోవడం రాబర్ట్ చెస్‌బ్రో గమనించాడు. దాన్ని శుద్ధిచేసి వాసెలిన్‌గా 1872లో పేటెంటు పొందాడు. నెయ్యిలా కమరదు, నూనెలా చిక్కువాసన రాదు, నీరు ఉండదు. ఇంటివాళ్లు గంటల తరబడి కాచి సాధించేది డబ్బాలో సిద్ధంగా దొరికింది. ఇళ్లలో మలాములు కాచే అలవాటు సన్నగిల్లడానికి ఇదొక ముఖ్యకారణం.

ఆ మార్పును అందిపుచ్చుకున్న తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బొంబాయి చేరి 1893లో అమృతాంజనం మొదలుపెట్టాడు. డబ్బా పది అణాలు. మద్రాసులో సంగీత సభల దగ్గర ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశాడు. ఆ రాబడే 1908లో ఆంధ్రపత్రికకు, తర్వాత భారతి పత్రికకు, ఆంధ్ర గ్రంథమాలకు ఊపిరిపోసింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు ఒక భాషకు పత్రికలను, పుస్తకాలను ఇచ్చిందంటే తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన సంగతే. హైదరాబాదులో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ ద్రవరూపంలో ఇంకో దారి పట్టింది. నీలగిరి తైలమే దానికి ప్రధానం.

ఇంట్లో చేసుకునే పద్ధతులూ పూర్తిగా పోలేదు. వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరం సమపాళ్లలో సీసాలో వేసి మూతపెడితే, పొయ్యి అక్కర్లేకుండానే కాసేపటికి మూడూ కరిగి ద్రవమవుతాయి. కరిగించి దించిన మైనం, కొబ్బరినూనెల్లో ఇది నాలుగు చుక్కలు కలిపితే ఇంటి బామ్ సిద్ధం.

ఇళ్లలోని ఈ తెలివి ఎవరిదన్న తగాదా 1995లో రచ్చకెక్కింది. గాయాలకు పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి చెందిన ఇద్దరికి అమెరికా పేటెంటు ఇచ్చింది. మన దేశ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలను సాక్ష్యంగా పెట్టి వాదించగా 1997లో అది రద్దయింది. మన అమ్మమ్మలు వాడిన పసుపుకు పుస్తకసాక్ష్యం దొరికింది కాబట్టి సరిపోయింది. రాసి పెట్టుకోని చిట్కాలకు అలాంటి రక్షణ లేదు.

ఇప్పుడు మళ్లీ వంటింటి మలాములపై మోజు పెరిగింది, మంచిదే. అయితే పచ్చి ఆకునే నూనెలో నానబెట్టి మైనం కలిపితే కొద్దివారాల్లో బూజు పడుతుంది. ఆకును బాగా ఎండబెట్టండి, లేదా చిటపట ఆగేదాకా కాచండి. సీసా తడి లేకుండా ఆరాకే పోయండి. హారతి కర్పూరం వాడకండి, అది మందుకోసం తయారైంది కాదు. కర్పూరం ఉన్న ఏ పూతా రెండేళ్లలోపు పిల్లలకు రాయకండి. అమ్మదలిస్తే మాత్రం లైసెన్సు తప్పనిసరి. 1964 సవరణతో ఆయుర్వేద, యునానీ మందులు కూడా ఔషధ చట్టం కిందికి వచ్చాయి. మీ ఇంట్లో పాకం తెలిసిన పెద్దవాళ్లు ఉంటే వాళ్ల కొలతలు ఇవాళే రాసి పెట్టుకోండి. లోతైన దెబ్బలకు, కాలి బొబ్బలెక్కిన గాయాలకు మాత్రం ఇంటి మలాము జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.