బోస్టన్ తేయాకు, ఇంజరం తాను

నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగుతాం. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లిళ్లకు వెళ్లే జనంతో సందడిగా ఉండే రేవు అది. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే సరుకు కొని నిల్వచేసే గిడ్డంగి, కంపెనీ నౌకర్ల బస కలిసి ఉన్న ఆవరణ. ఆ కట్టడాల్ని చాలావరకు ఏటికోత మింగేసింది. ఇక్కణ్ణించి ఓడలెక్కిన తెల్ల నూలు బట్టకు మాత్రం ఐరోపా బజార్లలో ‘మదపోలం’ అన్న పేరు నిలిచిపోయింది.

2026 జూలై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. పిల్లలెవరూ అమెరికాలో లేని ఊరు ఇవాళ డెల్టాలో దొరకడం కష్టం. అయినా ఆ దేశం పుట్టుకను మనం సముద్రాల అవతలి కథగానే చదువుకున్నాం. పదమూడు వలసలు, జార్జి వాషింగ్టన్, సముద్రంలో పారబోసిన తేయాకు పెట్టెలు. అంతే. చందుర్తి, ఇంజరం, యానాం, పాలకొల్లు పేర్లు లేకుండా చెబితే ఆ కథ సగమే చెప్పినట్టని నా నమ్మకం. అక్కడివాళ్లకు స్వేచ్ఛ తెచ్చిన పరిణామాలూ, గోదావరి సీమను కంపెనీ చేతిలో పెట్టిన పరిణామాలూ ఒకే యుద్ధంలో పుట్టాయి, ఒకే కంపెనీ అప్పుల్లో పెరిగాయి.

మొదటి ముడి బట్టతోనే పడింది. మాధవాయిపాలెం ఫ్యాక్టరీ మద్రాసులోని సెయింట్ జార్జి కోట పెత్తనం కింద ఉండేది. 1687 నుంచి 1692 దాకా ఆ కోటకు గవర్నరు ఎలిహు యేల్, 1649లో బోస్టన్‌లో పుట్టినవాడు. ఆయన తర్వాత 1698 దాకా గవర్నరుగిరీ చేసిన నథానియల్ హిగిన్సన్ పుట్టింది కనెటికట్‌లోని గిల్‌ఫర్డ్‌లో, చదివింది హార్వర్డ్‌లో. వలస అమెరికా బిడ్డలిద్దరు వరసగా పదకొండేళ్లు మన తీరం వ్యాపారాన్ని నడిపారన్నమాట. యేల్ మద్రాసులో గడించిన సంపదలోంచి 1718లో కనెటికట్‌లోని ఒక చిన్న కళాశాలకు 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం, తొమ్మిది బేళ్ల సరుకు పంపాడు. ఆ బేళ్లలో కాలికో, మస్లిన్ తాన్లు ఉన్నాయి. సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి. ఆ సొమ్ముతో భవనం లేచింది, కళాశాలకు యేల్ పేరు పెట్టారు. మన పిల్లలు సీటు కోసం తపించే యేల్ విశ్వవిద్యాలయం పునాదిలో భారతదేశపు బట్టల వ్యాపారం ఉందని వాళ్లకు చెప్పాలి. యేల్ హయాంలో మద్రాసు రేవు నుంచి బానిసలను ఓడల్లో ఎగుమతి చేశారన్న సంగతీ దాచకుండా చెప్పాలి.

అమెరికా వలసల్లో మన నూలు బట్ట అంతగా ఎందుకు పారింది? ఇంగ్లండ్ నేతగాళ్ల గొడవ పడలేక అక్కడి పార్లమెంటు 1700లోనూ, 1721లోనూ శాసనాలు చేసి, భారతదేశపు అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో కట్టుకోకూడదంది. బయటి దేశాలకు మళ్లీ ఎగుమతి చేయడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. దాంతో లండన్‌లో దిగిన సరుకు అట్లాంటిక్ దాటి బోస్టన్, ఫిలడెల్ఫియాలకు చేరేది. మరో దారి ఇంకా బాధాకరం. కోరమాండల్ నూలు బట్టలు పశ్చిమాఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి మారకంగా చెల్లేవి. అలా కొన్నవాళ్లను అమెరికా, కరీబియన్ తోటలకు తోలేవారు. మగ్గం ముందు కూర్చున్న మన పద్మశాలికి గానీ, దేవాంగుడికి గానీ ఈ సంగతి తెలిసే దారే లేదు.

చందుర్తి పొలంలో

1754 మే నెలాఖరులో ఒహాయో అడవుల్లో ఇరవై రెండేళ్ల వాషింగ్టన్ దళం ఒక ఫ్రెంచి బృందంపై కాల్పులు జరిపింది. ఆ నిప్పురవ్వ పెరిగి రెండేళ్లలో సప్తవర్ష సంగ్రామమైంది. అది ఐరోపా, అమెరికా, ఇండియా మూడుచోట్లా సాగింది. అప్పటికి ఉత్తర సర్కార్లు, అంటే గోదావరి సీమతో సహా తెలుగు తీరపు జిల్లాలు, ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నాయి. నిజాం నుంచి ఫ్రెంచి సేనాని బుస్సీ పొందిన ముల్లె అది. 1758లో విజయనగరం ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై తిరగబడి, విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లిషువారికి కబురంపాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ సుమారు 500 మంది తెల్ల సైనికులతో, రెండు వేల మంది సిపాయిలతో వచ్చి రాజుగారి సేనను కలుపుకున్నాడు.

డిసెంబరు 7న పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఇరుపక్షాలూ తలపడ్డాయి. ఆ రోజు ఫలితం ఒక పంటచేను వల్ల తిరిగిందంటే ఆశ్చర్యమేస్తుంది. మనిషెత్తు పెరిగిన పైరు వెనక ఫోర్డ్ తెల్ల పటాలం కనబడకుండా నిలిచింది. పక్కన బెంగాల్ సిపాయిలు ఎర్ర కోట్లలో ఉన్నారు. ఎర్ర కోట్లు కనబడగానే అవే తెల్ల పటాలాలనుకుని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ బలమంతా అటు ఉరికించాడు. సిపాయిలు వెనక్కి తగ్గారు. గెలిచామనుకుంటూ ఫ్రెంచివారు తరుముతుండగా చేలోంచి అసలు పటాలం బయటికి వచ్చి పక్కనుంచి కాల్చింది. కాన్‌ఫ్లాన్ రాజమహేంద్రవరానికీ, అక్కణ్ణించి మచిలీపట్నానికీ పారిపోయాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటా పడింది. అదే ఏడాది సెప్టెంబరులో కెనడాలో క్విబెక్ పడింది. ఆ రెండు కోటలతో ఫ్రెంచివారికి ఇటు సర్కార్లూ, అటు ఉత్తర అమెరికా చేజారాయి.

యుద్ధం గెలిచిన బ్రిటన్ నెత్తిన అప్పు కొండంత పెరిగింది. దాన్ని తీర్చడానికి అమెరికా వలసలపై 1765లో స్టాంపు పన్ను వేశారు. ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1765 ఆగస్టు 12న మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి కంపెనీ ఉత్తర సర్కార్లకు ఫర్మానా రాయించుకుంది. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 14న, బోస్టన్ జనం స్టాంపు అధికారి దిష్టిబొమ్మను చెట్టుకు ఉరితీశారు. అక్కడ సామ్రాజ్యాన్ని మొదటిసారి కాదన్న వారమే ఇక్కడ మనల్ని దానికి రాసిచ్చారు. రాజమండ్రి సర్కారు రైతుల్ని ఎవరూ అడగలేదు.

ఫర్మానా ఉన్నా నిజాం ఒప్పుకోవాలి. కంపెనీ దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు మధ్యవర్తిత్వం నెరపగా 1766 నవంబరు 12న హైదరాబాద్‌లో ఒడంబడిక కుదిరింది. రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లకు కలిపి ఏడాదికి అయిదు లక్షల రూపాయల కప్పం. దానికి తోడు, అవసరమైతే నిజాంకు సైన్యమిస్తామన్న హామీ. ఆ హామీయే కంపెనీని మరుసటి ఏడాది హైదరాలీతో యుద్ధంలోకి లాగింది. 1769లో ఆ యుద్ధం వార్తలు లండన్ చేరేసరికి కంపెనీ వాటాల ధర కుప్పకూలింది. ఇంతలో బెంగాల్ కరువు. 1772కల్లా కంపెనీ దివాలా అంచుకొచ్చి ప్రభుత్వం ముందు చెయ్యి చాచింది. 14 లక్షల పౌన్ల అప్పు, దాంతోపాటు గిడ్డంగుల్లో మూలుగుతున్న తేయాకును నేరుగా అమెరికాలో అమ్ముకునే వెసులుబాటు దొరికాయి. 1773 నాటి తేయాకు చట్టం అదే. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి.

ఆ పెట్టెలు దిగకముందే ఫిలడెల్ఫియా న్యాయవాది జాన్ డికిన్సన్ మారుపేరుతో ఒక లేఖ అచ్చువేశాడు. ఈ కంపెనీ ఆసియాలో జనాన్ని దోచి, తిండిగింజల మీద గుత్తాధిపత్యంతో ఆకలిచావులకు గురిచేసింది, ఇప్పుడు మనమీదికి వస్తోందని అందులో హెచ్చరించాడు. మన కష్టం వాళ్లకు మేలుకొలుపైంది.

యుద్ధం మన గుమ్మంలోకి

1778లో ఫ్రాన్స్ అమెరికన్ల పక్షాన దిగగానే ఇంగ్లిషువారు ఇండియాలో ఫ్రెంచి రేవులన్నిటి మీదా పడ్డారు. యానాం అలాగే చేజారింది. మళ్లీ ఫ్రెంచి జెండా ఎగిరింది 1785లో, సంధి అయ్యాక. డచ్చివారి వంతు తర్వాత వచ్చింది. 1776లోనే కరీబియన్ దీవిలోని డచ్చి కోట అమెరికా ఓడకు ఫిరంగులతో వందనం చేసింది, డచ్చి వర్తకులు తిరుగుబాటుదారులకు మందుగుండు అమ్మారు. కోపంతో బ్రిటన్ 1780 చివర్లో యుద్ధం ప్రకటించింది. 1781లో పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురం డచ్చి స్థావరాలు ఇంగ్లిషువారి పరమయ్యాయి. పాలకొల్లులో ఏ డచ్చి గుమాస్తా లెక్కల పుస్తకం అప్పగించాడో ఊహించుకోండి, అమెరికా స్వాతంత్ర్యం కోసం!

ఆ ఏడాదే అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో కారన్‌వాలిస్ సేన వాషింగ్టన్‌కు లొంగిపోయింది. అక్కడ ఓడిన ఆ సేనానినే 1786లో ఇండియాకు గవర్నర్ జనరల్‌గా పంపారు. 1793లో ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి మన జిల్లాల్లోనూ అమలు చేశారు. పెద్దాపురం, పిఠాపురం వంటి పాత సంస్థానాలకు ఏటేటా సర్కారుకు కట్టాల్సిన పేష్కష్ స్థిరపరిచారు. సర్కారు సొంత హవేలీ భూముల్ని ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు. పాడుకున్నవాడు కట్టాల్సిన మొత్తానికి హద్దుంది, రైతు దగ్గర పిండుకోవడానికి లేదు. బకాయిలు పేరుకుని ముఠాలు ఒక్కొక్కటే మళ్లీ సర్కారు పరమయ్యాయి.

నేతగాళ్ల సంగతి ఇంకా హృదయవిదారకం. యానాం దగ్గరి ఇంజరం, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం కంపెనీకి గోదావరి బట్ట సేకరించే కేంద్రాలు. ఇక్కడ గుడ్డ నాణ్యాన్ని పుంజాల్లో కొలిచేవారు. పుంజమంటే 120 పడుగు పోగులు. ఒకే వెడల్పులో పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నం. 14 పుంజాల ముతక రకంలో 1,680 పోగులుంటే, 36 పుంజాల రకంలో 4,320. అన్ని పోగుల్నీ అచ్చులోంచి ఒక్కొక్కటిగా చేత్తో తీయాలి. పోగు తెగితే అతకాలి. అంత పనితనానికి కంపెనీ ముందుగా బయానా ఇచ్చి, ఇంకెవరికీ అమ్మకుండా కట్టడి చేసి, నేసిన తాను తెచ్చాక నాణ్యం తక్కువని ధర కోసేది. 1798లో గోదావరి నేతగాళ్లు మగ్గాలు ఆపేశారు. తాటాకుల మీద ఉత్తరాలు రాసి ఊరూరా పంపుకుని ఏకమయ్యారు. అమెరికాలో తిరుగుబాటుకు ముందు ఊరికీ ఊరికీ మధ్య నడిచిన ఉత్తరాల సంఘాల గురించి అందరం చదువుతాం. మన తాటాకు ఉత్తరాలకు పాఠ్యపుస్తకంలో చోటెందుకు లేదో నాకు అర్థం కాదు.

కొత్త రిపబ్లిక్ మన తీరానికి త్వరగానే వచ్చింది. 1784 డిసెంబరులో ఫిలడెల్ఫియా ఓడ ‘యునైటెడ్ స్టేట్స్’ పుదుచ్చేరిలో లంగరు దించింది. ఇండియాకు వచ్చిన తొలి అమెరికా ఓడ అదే. 1794లో జే ఒప్పందం కుదిరాక బ్రిటిష్ రేవులూ వాళ్లకు తెరుచుకున్నాయి. సేలం, బోస్టన్ నావికులు మద్రాసు, కలకత్తాల నుంచి ఓడలకొద్దీ నూలు బట్ట పట్టుకెళ్లారు. ఇంగ్లండ్ చేతిమీదుగా కాకుండా నేరుగా కొన్న బట్ట అది. ఆ నావికులు 1799లో సేలంలో పెట్టుకున్న సంఘం సేకరణే ఇవాళ్టి పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి మూలం. బోస్టన్‌లో చదివే మన పిల్లలకు అది రైలులో అరగంట దారి. ఒక్కసారైనా చూసి రావాలి.

ఆ తలుపు ఎంతోకాలం తెరిచి ఉండలేదు. మసాచుసెట్స్‌లో సొంత నూలు మిల్లులు లేచాయి. వాటిని కాపాడటానికి 1816లో అమెరికా కాంగ్రెస్ ఒక సుంకం తెచ్చింది. శాతం చూస్తే 25 మాత్రమే. అయితే గజం 25 సెంట్లకన్నా తక్కువ పలికే ఏ నూలు బట్టనైనా 25 సెంట్ల ఖరీదుదిగానే లెక్కకట్టమంది. పది సెంట్ల భారతీయ బట్టపై ఆరుంపావు సెంట్లు పడేది, అంటే అరవై శాతం దాటిన సుంకం. అటు మాంచెస్టర్ మిల్లుల దెబ్బ, ఇటు అమెరికా సుంకం. కంపెనీ కూడా గోదావరి జిల్లాల్లో బట్ట కొనడం తగ్గించి, చివరికి మానుకుంది. 1833 చార్టర్ చట్టంతో దాని వ్యాపారమే ముగిసింది. అదే ఏడాది డొక్కల కరువు తెలుగు తీరాన్ని ఊడ్చింది. 1821లో 7,38,308 ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041. ఇంత సీమ ఎందుకు బికారైందో విచారించమని మద్రాసు ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో శిస్తు పద్ధతి, నీటి వసతి లేమి, చేనేత ఎగుమతుల పతనం మూడూ ఉన్నాయి. గోదావరిపై ఆనకట్ట కట్టడానికి దారి ఆ నివేదిక తర్వాతే పడింది.