సూర్యుడి చిక్కుముడి

మొన్న ఆదివారం మా అమ్మాయికి తల దువ్వుతూ, చిక్కు రాక విసిగి వీపు మీద ఒక్కటిచ్చాను. అది ఏడవలేదు. దువ్వెన నా చేతిలోంచి లాక్కుని వెళ్ళిపోయింది. ఆ పూట నాకు కారింగ్టన్ గుర్తొచ్చాడు. నవ్వకండి! బి.ఏ. చదివినదాన్నే అయినా ఆయన కథంటే నాకిష్టం.

1859 సెప్టెంబరు 1. ఇంగ్లండులోని రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ టెలిస్కోపుతో సూర్యబింబాన్ని తెర మీద పడేలా చేసి, మచ్చల బొమ్మలు గీసుకుంటున్నాడు. 11 గంటల 18 నిమిషాలకి మచ్చల నడుమ రెండుచోట్ల కళ్ళు చెదిరే తెల్లని వెలుగు! సాక్షి కోసం పరుగెత్తాడు. నిమిషంలో తిరిగొచ్చేసరికే వెలుగు తగ్గిపోతోంది. పాపం, ఎంత ఉసూరుమన్నాడో! అదృష్టం కొద్దీ హాడ్జ్‌సన్ అనే ఇంకొకాయన కూడా వేరేచోట నుంచి దాన్ని చూశాడు.

అదే వేళకి క్యూ అబ్జర్వేటరీలో అయస్కాంతపు ముల్లు ఉలిక్కిపడింది. మర్నాడు భూమి మీద అయస్కాంతపు తుఫాను! అమెరికాలో బ్యాటరీలు తీసేసినా టెలిగ్రాఫు తీగలు వార్తలు మోశాయట. మన బొంబాయి కొలాబాలోనూ ఆ కుదుపు నమోదైంది. అయినా కారింగ్టన్ గొప్పలు పోలేదు. ఒక్కసారి కలిసొచ్చిందని రెంటికీ ముడిపెట్టకూడదన్నాడు. ఆ నిగ్రహం మనకుంటే ఎన్ని మాటపట్టింపులు తప్పేవో!

సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంతశక్తి ఉందని 1908లో అమెరికాలో జార్జి హేల్ కనిపెట్టాడు. అక్కడి అయస్కాంత రేఖలు మెలికలు పడి, బిగిసి, చివరికి తెగి మరోలా అతుక్కుంటాయి. అంతకాలం లోపల దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. అదే సౌరజ్వాల.

మరి జ్వాల చల్లారితే అంతా మామూలేనా? కాదుట. 2005లో సడల్, హార్వే అనే ఇద్దరు 15 పెద్ద జ్వాలల్ని పరిశీలించారు. కొద్ది నిమిషాల్లోనే అక్కడి అయస్కాంత క్షేత్రం మారిపోయి, మళ్ళీ పాత తీరుకి రాలేదు. వాళ్ళు వాడుకున్న టెలిస్కోపుల వరసలో మన ఉదయపూర్‌దీ ఒకటి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 సూర్యుణ్ణి చూడ్డానికి బయల్దేరింది. 1859లో ఆ తుఫాను భూమిని తాకిన తేదీ కూడా అదే!

కోపం క్షణమే. తరవాతే ఏదీ పాత చోట ఉండదు.

మర్నాడు పొద్దున్న అమ్మాయి దువ్వెన పట్టుకుని తనే వచ్చి, నా ముందు కూర్చుంది. ఈసారి కొసల దగ్గర్నుంచి, నెమ్మదిగా మొదలుపెట్టాను.